ముక్కు మూసుకుని నేర్చుకున్న ఊపిరి

నాకు ఉబ్బసం అని మొదటిసారి చెప్పిన డాక్టరమ్మ మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. నేను నాదస్వరం వాయించే మనిషిని. కండలున్న మగవాళ్ళు కూడా కాసేపు ఊది పక్కన పెట్టేసే వాయిద్యాన్ని పావడాలు కట్టే వయసు నుంచి ఊదుతున్నదాన్ని. ఊపిరి చాలడం లేదని నాకే చెబుతుందా అనుకున్నాను. పైకి అనలేదు గానీ నా ముఖంలో కనబడే ఉంటుంది. ఆవిడ మాత్రం ఏమీ పట్టనట్టు మందులు రాసుకుంటూ పోయింది.

మాది తిరుత్తణి దగ్గర ఒక ఊరు, మేళగాళ్ళ కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, పాటకు రెండూ. మా నాన్నకు ఇద్దరం ఆడపిల్లలం. అక్క చేతికి నాదస్వరం ఇస్తే ఏడ్చేది, నా చేతిలోంచి తీసుకుంటే నేను ఏడ్చేదాన్ని. అలా అది నాకు వచ్చింది. పెళ్ళయ్యాక తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌కు కాపురానికి వచ్చాను. మా ఆయన డోలు వాయిస్తాడు. మా వైపు మొగుణ్ణి మామా అనే పిలుస్తాం. ఆ మామ డోలు, నా నాదస్వరం కలిసి ఒక మేళం. మొగుడూ పెళ్ళాం ఒకే మేళంలో కూర్చుంటే మొదట్లో జనం వింతగా చూసేవాళ్ళు, పాట మొదలయ్యాక ఆ సంగతి మరిచిపోయేవాళ్ళు. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా మేళంలో మాత్రం మేము ఒక్కమాట మీద ఉంటాం.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. మా ఆడపిల్ల మెడలో తాళి పడేటప్పుడు బయటి మేళం వాయించకూడదు. ఇంటి మనిషే వాయించాలి. నా పెళ్ళికి మా నాన్న కన్యాదానం చేసిన తడిచేతులు పంచెకు తుడుచుకుని నాదస్వరం అందుకున్నాడు. ఆయన పోయాక మా ఇంట్లో దాన్ని పట్టినదాన్ని నేనొక్కదాన్నే. అక్కకు కూతురు పుట్టినప్పుడు, దీని పెళ్ళికి నేనే వాయిస్తానని అందరి ముందూ అనేశాను. ఆ పిల్ల కూడా ఆ మాట పట్టుకునే పెరిగింది.

జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పెళ్ళి మండపాల్లో సాంబ్రాణి, హోమం పొగ ఎప్పుడూ ఉండేవే. ఇప్పుడు రిసెప్షన్లలో పెళ్ళికూతురు నడిచి వస్తుంటే కాళ్ళ కింద నుంచి తెల్లటి పొగ వదిలే మిషన్లు కూడా వచ్చాయి. మొదట దగ్గు. తర్వాత ఛాతీలో సన్నటి కూత. కల్యాణి రాగం ఆలాపనలో పైకి వెళ్ళి నిలబడాల్సిన చోట నిలబడలేక కిందికి దిగిపోవడం. జలుబు అన్నాను, వయసు అన్నాను, పీక బాగాలేదన్నాను. నాదస్వరం కొసన నోట్లో పెట్టుకునే గడ్డి పీకను సీవాళి అంటాం. పాపం, ఆ సీవాళిలను ఎన్ని మార్చానో.

ఇంట్లో వైద్యానికి కొదవ లేదు. వాము వేయించి గుడ్డలో మూటకట్టి వాసన చూడమన్నారు. వేణ్ణీళ్ళలో పసుపు వేసి దుప్పటి కప్పి ఆవిరి పట్టించారు. కర్పూరం నలిపి అరచేతిలో పెట్టారు. ఇవన్నీ ముక్కుతో పీల్చే మందులే. కొన్నాళ్ళు ఉపశమనంగా ఉండేది, మళ్ళీ మొదటికి వచ్చేది. చివరికి ఒక మందుల షాపులో ఏవో మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే కాస్త ఊపిరి ఆడేది గానీ చేతులు వణికేవి. నాదస్వరం రంధ్రాల మీద వేలు వణికితే స్వరం వణుకుతుంది. అది గమకం అనుకుని మెచ్చుకున్న మహానుభావుడు కూడా ఒకాయన ఉన్నాడు. ఆ రోజు నుంచి మాత్రలు మానేశాను.

అలా తిరువళ్ళూరులో ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మనిషి చిన్నది, మాట నెమ్మది, అంతా తమిళం. ఒక గొట్టం ఇచ్చి బలంగా ఊదమంది. ఊదడంలో నాకు పోటీ ఎవరు? గొట్టంలో ముల్లు చకచకా పైకి వెళ్ళింది. మామూలు మనుషులకు ఉండాల్సినంత ఉందే అని ఆవిడ ఆశ్చర్యపోయింది. నేను చేసే పని విన్నాక మళ్ళీ ఆలోచించి, మామూలు మనిషికి అది సరిపోతుంది గానీ మీకు అది తక్కువేనంది. అప్పుడు మాత్రం ఆవిడ మీద కొంచెం గౌరవం కలిగింది.

ఆవిడ చెప్పింది ఇది. మాత్ర మింగితే అది కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, చివరికి ఊపిరితిత్తులకు కాస్త చేరుతుంది. అందుకే ఎక్కువ మందు కావాలి, అందుకే చేతులు వణుకుతాయి. పంపుతో, అదే ఇన్‌హేలర్‌తో, పీలిస్తే కొంచెం మందే నేరుగా జబ్బు ఉన్న చోటికి పోతుంది. నీలం రంగు పంపు ఆయాసం వచ్చినప్పుడు దారి తెరవడానికి. ఇంకో రంగుది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దునా సాయంత్రం పీల్చి, నోరు పుక్కిలించాలి. దాని పని నిదానంగా లోపలి వాపు తగ్గించడం.

ఇంటికి వచ్చానో లేదో సలహాలు మొదలయ్యాయి. "పంపు నోట్లో పెట్టినావంటే ఇంక సచ్చేదాకా ఇడిసేది లేదు మే" అని పక్కింటి అక్క భయపెట్టింది. నాకు ఆ భయం లేదు గానీ ఇంకో భయం ఉంది. నాదస్వరం వాయించే ఆమె ఊపిరి కోసం పంపు కొట్టుకుంటుందని తెలిస్తే ఎవరు పిలుస్తారు? అందుకని మండపాల్లో చీరలు మార్చుకునే గదికి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని పీల్చేదాన్ని.

నెలలు గడిచాయి. ఏమీ తగ్గలేదు. నేను తప్పకుండా వాడుతున్నానంటే డాక్టరమ్మ నమ్మింది, ఎందుకంటే అది నిజం. ఎలా వాడుతున్నారో చూపించమని నర్సమ్మ ముందు కూర్చోబెట్టింది కూడా. పంపు ఊపాను. గాలి వదిలాను. పెదవులు బిగించి పంపు నొక్కాను. ఛాతీ నిండుగా పైకి లేచింది. కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టాను. బిగబట్టమంటే నాకు లెక్కా? నర్సమ్మ చాలు చాలు అనేదాకా పట్టాను. "ఇంత బాగా ఎవరూ చేయరక్కా" అని మెచ్చుకుంది. డాక్టరమ్మ మందు బలం పెంచింది. నాలుక మీద చేదు పెరిగింది, తెల్లటి పూత వచ్చింది, గొంతు బొంగురుపోయింది. ఛాతీలో కూత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఈ మందు నా ఒంటికి పడదని తేల్చేసుకున్నాను.

అప్పుడు తిరువళ్ళూరు మండపంలో ఆ పెళ్ళి జరిగింది. పురోహితుడు తాళి చేతికిచ్చాడు. పెద్దలంతా చేతులు పైకెత్తి "కెట్టిమేళం, కెట్టిమేళం" అని కేకలు వేశారు. ఆ సమయంలో మేళం జోరుగా, ఎక్కడా తెగకుండా వాయించాలి. ఎవరి తుమ్మో దగ్గో ఏడుపో పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదని ఆ పద్ధతి. నేను ఎత్తుకున్నాను. హోమం పొగ ఒక్కసారిగా నా వైపు తిరిగింది. లోపల ఎవరో తలుపు మూసినట్టయింది. వేళ్ళు రంధ్రాల మీద పరుగెడుతూనే ఉన్నాయి, పీకలోకి గాలి లేదు. మామ డోలు ఒక్కటే మోగింది. ఆయన ఎంత వాయించినా స్వరం లేని చోటు స్వరం లేనట్టే ఉంది. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక పెద్దమనిషి దీర్ఘంగా తుమ్మాడు.

పెళ్ళికొడుకు తల్లి గుండెలు బాదుకోవడం ఒక్కటే తక్కువ. ఆమెను తప్పు పట్టను, ఆమె కొడుకు పెళ్ళి. మాకు పెళ్ళి మేళాలు కుదిర్చే వంట కాంట్రాక్టరు మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ తుమ్ము కథ మాకంటే ముందు తిరుత్తణి చేరింది.

అక్క కూతురి సంబంధం అప్పటికే ఖాయమైంది. పెళ్ళికొడుకుది కూడా మేళగాళ్ళ కుటుంబమే. ఒకరోజు పొద్దున్నే అక్క బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇచ్చినా తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చుంది.

"మాప్పిళ్ళై ఇంటోళ్ళు అడగతాండారు మే" అంది చివరికి, పెళ్ళికొడుకు వాళ్ళ మాట ఎత్తి. "కెట్టిమేళానికి వాళ్ళ సిన్నాయన వాయిస్తాడంట. నువ్వు మంచి పట్టుసీర కట్టుకోని ముందర వరసలో కూసో. నువ్వు వచ్చి కూసుంటే సాలు నాకు."

"కూసోడానికి ఊరంతా వస్తాది గదక్కా" అన్నాను. "నేను వాయించేదానికి వస్తాండాను."

"మళ్ళా అట్లే అయితే?"

అంటూనే అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు, ఏడిస్తే ఆయాసం వస్తుంది. పెళ్ళికి ఇంకా టైముంది, కొంచెం ఆగి చెప్పమని మాత్రం అడిగాను. ఆగుతానంది గానీ, వెళ్ళేటప్పుడు నా భుజం నిమిరిన తీరు చూస్తే అక్క నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేసిందని తెలిసిపోయింది. మా నాన్న నుంచి నాకు వచ్చిన చోటు అది. ఆ చోట్లో ఎవరో చిన్నాయన కూర్చుంటాడన్న ఆలోచనకే నాకు ఒళ్ళు మండింది.

బస్సు కదిలాక వచ్చి మా ఇంటి మెట్టు మీద కూర్చున్నాను. పక్కన మామ వేళ్ళకు తొడుగులు బిగించుకుంటూ సాధనకు సిద్ధమవుతున్నాడు. కోపంగా పంపు తీసి, దులిపి, నోట్లో పెట్టి నొక్కాను. ఆయన తలెత్తి నా ముఖం చూశాడు.

"మే, ముక్కు ఎందుకట్ల ఎగరేస్తాండావు?"

"యాడ ఎగరేసినా? నాకుండే కోపానికి నీకు నా ముక్కు కావల్సొచ్చిందా?"

"కోపం గాదు మే. ఇంకోతూరి కొట్టు."

కొట్టాను. ఆయన కళ్ళార్పకుండా చూశాడు. తొడుగులున్న వేలితో నా ముక్కు చూపిస్తూ మెల్లగా అన్నాడు. "నువ్వు మూచ్చు పట్టేటప్పుడు ముక్కు అట్ల ఇచ్చుకుంటాది. అది సూసే గదా నేను దెబ్బ ఎక్కువేసి ఆ సందు కప్పేది. ఇన్నేండ్లుగా సూస్తాండా, నాకు తెలీదా? నువ్వు ఇప్పుడు పీల్చింది ముక్కుతో."

మూచ్చు అంటే ఊపిరి. నేను ఒప్పుకోలేదు. పంపు నోట్లో ఉంటే ముక్కుతో ఎందుకు పీలుస్తాను, నాకేమన్నా మతి పోయిందా అని ఎదురు తిరిగాను.

"మందేమో నోట్లో, మూచ్చేమో ముక్కులో" అన్నాడు ఆయన. "రెండూ యాడ కలిసేది మే?"

ఆయన నోరు మూయించడానికి రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని పంపు కొట్టి చూపించబోయాను. నొక్కాను. ఊపిరి లోపలికి రాలేదు. పెదవులు పంపును బిగించి పట్టుకున్నాయి, నాలుక లేచి దాని మూతికి అడ్డంగా నిలబడింది, గొంతు వెనకాల తలుపు దిగిపోయింది. గాలి కోసం ఒళ్ళంతా కొట్టుకుంటోంది, నోరు మాత్రం ఇవ్వనంటోంది. ముక్కు వదిలేసి ఎగపీల్చాను. మందంతా నాలుక మీద చేదుగా కారుతోంది. అప్పుడు తెలిసింది నాకు.

ఇది మా నాన్న పెట్టిన బుద్ధి. చిన్నప్పుడు నాకు నాదస్వరం ఇవ్వడానికి ముందు ఒక బొప్పాయి కాడ ఇచ్చాడు. దాని కొస నీళ్ళ చెంబులో ముంచి ఊదాలి, బుడగలు ఆగకూడదు. బుగ్గల్లో దాచుకున్న గాలితో బుడగలు వస్తుండగానే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. మరిచిపోయి నోటితో పీల్చానో, నీళ్ళు లోపలికి వచ్చి దగ్గు, వీపు మీద ఒకటి. పెదవుల మధ్య ఏదన్నా పడితే నోరు బయటికి ఊదడానికే, గాలి తెచ్చుకోవడం ముక్కు పని అని నా ఒంటికి అలా అలవాటైపోయింది. ఆ చదువు ఎంత గట్టిదంటే, నేను నోట్లో పెట్టుకున్న పంపు కూడా నా ఒంటికి ఇంకో సీవాళే. ఛాతీ నిండుగా లేచేది, అందరూ మెచ్చుకునేవాళ్ళు. మందు మాత్రం నాలుక దాటి ఒక్కనాడూ లోపలికి పోలేదు.

నాకు నవ్వొచ్చింది, పక్కనే ఏడుపూ వచ్చింది. ఇన్ని నెలలు మందు పడలేదని మందును తిట్టానే! మందు ఇంకా నా ఛాతీ చూడనే లేదు. అంటే నాకు వైద్యం ఇంకా మొదలే కాలేదు. ఇంత సంతోషమైన వార్త నా జన్మలో వినలేదు. మామను పట్టుకుని ఊపేశాను. ఆయన తొడుగులు రెండు ఊడిపోయాయి.

ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "మూక్కాలయా ఇళుత్తీంగ?" అంది ఆవిడ, ముక్కుతోనా పీల్చారు అని. కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఇది నేను అడిగి ఉండాల్సింది, మీరు ముక్కుతో గాలి తీసుకుంటారని నాకు తట్టలేదంది. పెంచిన మందు మళ్ళీ పాత మోతాదుకు తెచ్చింది. ఈసారి పంపుతో పాటు ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది, పెద్ద సీసా అంత ఉంటుంది. పంపు ఒక కొసకు తగిలించి నొక్కితే మందు ఆ గొట్టంలో తుంపరగా నిలబడుతుంది. రెండో కొసన నోరు పెట్టి తాపీగా పీల్చుకోవచ్చు. నోటి దగ్గర ఒక చిన్న పొర ఉంటుంది. నోటితో పీలిస్తే అది కదిలి టక్కున చప్పుడవుతుంది. ముక్కుతో పీలిస్తే కదలదు. "మీకు చెవి ఉంది కదా, ఆ చప్పుడు వినండి" అంది.

చెవి ఉంది గానీ నోరు వినాలి కదా. మొదటి రోజులు నరకం. ముక్కు వేళ్ళతో మూసుకుంటే చేయి చాలదు, ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో పంపు. మామ దండెం మీద నుంచి బట్టల క్లిప్పు తీసుకొచ్చి నా ముక్కుకు తగిలించాడు. నొప్పికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పాలు పోయడానికి వచ్చినామె, ముక్కున క్లిప్పు, నోట్లో సీసాతో నన్ను చూసి పాలు కింద పోసుకుంది. నాలుకను కింది పళ్ళ వెనక ఆనించి ఉంచమన్నారు. ఉంచుతాను, గొట్టం పెదవికి తగలగానే అది లేచి వస్తుంది. పుట్టినప్పటి నుంచి ఎవరికీ నేర్పక్కరలేని పని, నోటితో గాలి పీల్చడం, నేను నేర్చుకుంటున్నాను. మామకు వినోదంగా ఉండేది. "అ అను, ఆ అను" అని బడిపంతులులా ఎదురుగా కూర్చునేవాడు. ఒకసారి గొట్టం ఆయన మీదికి విసిరాను కూడా.

ఆ తర్వాత ఒక పొద్దున టక్ అని వినబడింది. సన్నటి చప్పుడు. రైలు పట్టాల అవతల లారీల హారన్ల మధ్య కూడా నాకు స్పష్టంగా వినబడింది. నాలుక మీద చేదు లేదు. చల్లగా ఏదో గొంతు దాటి, ఛాతీలో ఎక్కడో లోపలికి పోయింది. మామ డోలు మీద ఒక తీర్మానం వేశాడు, పాట ముగింపులో వేస్తామే, అది. ఆ రోజంతా ఇద్దరం ఏదో గెలిచినట్టు తిరిగాం.

గెలుపు ఒక్కరోజులో రాలేదు, అది కూడా చెప్పాలి. డాక్టరమ్మ ముందే అంది, వాపు నిదానంగా తగ్గుతుంది, బాగుందనిపించగానే మానేయకండి అని. మొదట రాత్రి దగ్గు పోయింది. తర్వాత మేడ మెట్లు ఎక్కితే వచ్చే కూత పోయింది. సాధనలో పై షడ్జం మీద నిలబడితే నిలబడగలిగాను. ఎంతసేపు నిలబడ్డానో మామ ముఖం చూస్తే తెలిసేది. ఆయన కర్ర గాల్లో పట్టుకుని, నేనెక్కడ ఆగుతానా అని ఎదురు చూసేవాడు. నేను ఆగేదాన్ని కాదు. నా ముక్కుకు, నోటికి కూడా ఇప్పుడు ఎవరి పని వారికి తెలిసింది. సీవాళి అయితే ముక్కు, గొట్టం అయితే నోరు. ఒక ఒంట్లో రెండు చదువులు.

పెళ్ళికి ముందు మొదటి శుభలేఖ తిరుత్తణి కొండ మీద స్వామి దగ్గర పెట్టడం మా అక్క వాళ్ళ అలవాటు. అందరూ వ్యాన్‌లో ఘాట్ రోడ్డు మీద పోతామన్నారు. నేను మెట్ల దారిన వస్తానన్నాను. పెళ్ళికూతురు నాతో నడుస్తానని దిగిపోయింది. మెట్లకు పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కే ఆడవాళ్ళను దాటుకుంటూ ఎక్కాం. సగం దారిలో ఆ పిల్లే ఆగింది.

"ఉండు సిన్నమ్మా, కాళ్ళు పీకతాండాయి."

"అదేంది మే, ఈడు పిల్లవి" అని దాని చేయి పట్టుకుని లాక్కుపోయాను. పైన ఎదురు చూస్తున్న అక్క నన్ను చూసి, నా వెనకాల రొప్పుతున్న కూతురిని చూసింది. శుభలేఖ పళ్ళెం నా చేతికిచ్చింది. కిందికి దిగాక పెళ్ళికొడుకు ఇంటికి ఫోన్ చేసి, "మా పాప కెట్టిమేళానికి మా సెల్లెలే వాయిస్తాది. మా ఇంటి ఆచారం" అని చెప్పడం విన్నాను. అవతల వాళ్ళు ఏదో అన్నారు. "తుమ్మేవోళ్ళను మీరు పిలవద్దండి, సాలు" అని ఫోన్ పెట్టేసింది. మా అక్కకు ఆ మాత్రం నోరుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పెళ్ళి కొండ కింద మండపంలో. మేళగాళ్ళ పెళ్ళిలో వాయించడం మామూలు పెళ్ళిలో వాయించినట్టు కాదు. ముందు నుంచి వెనక వరస దాకా కూర్చున్నవాళ్ళందరూ వాయించేవాళ్ళే. ఎక్కడ ఊపిరి తీసుకున్నావో, ఎక్కడ మింగేశావో, ఎక్కడ డోలు వెనక దాక్కున్నావో అందరికీ తెలిసిపోతుంది. పెళ్ళికొడుకు చిన్నాయన నాదస్వరం సంచీ తొడ మీద పెట్టుకుని నాకు ఎదురుగానే కూర్చున్నాడు. అవసరమైతే ఎత్తుకుందామని కాబోలు.

వేదిక మీద హోమం రాజుకుంటోంది. చీర మార్చుకునే గది వైపు ఒకసారి చూశాను. వెళ్ళలేదు. సంచీలోంచి గొట్టం తీసి, పంపు తగిలించి, అంతమంది ఎదురుగా నోటికి పెట్టుకుని తాపీగా పీల్చాను. మా దూరపు చుట్టం ఒక ముసలాయన, ఒకప్పటి గొప్ప డోలు విద్వాంసుడు, ముందుకు వంగి చూశాడు.

"అదేంది మే, కొత్త వాయిద్యం?"

"అవును తాతా" అన్నాను. "దీన్ని ఊదకూడదు, పీల్చల్ల. మనోళ్ళకు రొంబ కష్టం."

ముసలాయన బోసినోటితో నవ్వాడు. ఆయన నవ్వితే వెనక వరసలు నవ్వాయి. చిన్నాయన కూడా పెదవి తిప్పుతూ నవ్వాడు. నేను పుక్కిలించి, సీవాళి తడిపి, నాదస్వరం ఎత్తుకున్నాను.

కల్యాణితో మొదలుపెట్టాను. కొన్నేళ్ళుగా నేను దిగిపోతూ వచ్చిన చోటుకు వెళ్ళి, ఈసారి దిగకుండా అక్కడే నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో "ఆహా" అన్నారు. అంతలో పురోహితుడు తాళి తీశాడు. చేతులు లేచాయి. "కెట్టిమేళం, కెట్టిమేళం!"

మామ డోలు విరుచుకుపడింది. నేనూ ఎత్తుకున్నాను. పెళ్ళికొడుకు తాళి మెడ చుట్టూ వేసి ముడి వేశాడు. ఆఖరి ముడి పెళ్ళికొడుకు అక్క వేయాలి. దండలు మోకాళ్ళ దాకా ఉన్నాయి, పసుపు తాడు జారుతోంది, ఆమె చేతి నిండా కొత్త గాజులు. ముడి పడటం లేదు. ఒకసారి జారింది. దండ పక్కకు తొయ్యండి అని ఎవరో అరుస్తున్నారు, ఆ అరుపు మేళంలో మునిగిపోయింది. హోమం పొగ గాలికి ఇటు తిరిగి నా ముఖం మీదికి వచ్చింది. కళ్ళు మండాయి. లోపల తలుపు మూసుకుంటుందేమోనని ఒక్క క్షణం భయం వేసింది. మూసుకోలేదు. ముక్కుతో లాగాను, వచ్చింది. మళ్ళీ లాగాను, మళ్ళీ వచ్చింది. ముడి ఇంకా పడలేదు. మామ నా ముఖంలోకి చూస్తున్నాడు, సందు ఎక్కడ కప్పాలా అని. సందు లేదు. ఆయన నుదుటి మీద నుంచి చెమట డోలు మీద పడుతోంది, మోచేతులు బరువెక్కాయి, ఇంక చాలు అన్నట్టు కళ్ళతో బతిమాలుతున్నాడు. నేను కనుబొమలు ఎగరేసి ఇంకా వేగం పెంచాను. ఎదురుగా చిన్నాయన సంచీ కింద పెట్టి తొడ మీద తాళం వేస్తున్నాడు.

ముడి పడింది. అక్షతలు లేచాయి. అక్షతల వాన నా తల మీద, నాదస్వరం మీద, మామ డోలు మీద పడుతుంటే చివరి స్వరం మీద ఆగి, అక్కడే ఇంకాసేపు ఉండి, నాకు నచ్చినప్పుడు వదిలాను. తల దించుకుని ఉన్న పెళ్ళికూతురు దండల మధ్య నుంచి కళ్ళెత్తి నన్నే చూసింది.

సీవాళి నోట్లోంచి తీశాను. ఛాతీలో ఇంకా ఊపిరి మిగిలి ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తోచక, అంతమంది మధ్యలో గట్టిగా నవ్వేశాను.